కొట్లో వంతు

సాయంత్రం పూట ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతికి యాభై రూపాయలిచ్చి చిల్లర కొట్టుకి పంచదార కోసం పంపండి. వీధి చివర కొట్టుకి వెళ్ళి రావడానికి అరగంట పడుతుంది. దారిలో ఆడుకుని ఉంటాడని వచ్చాక కేకలేస్తాం. చాలాసార్లు వాడు ఆడుకోడు. కొట్టు ముందే నిలబడి ఉంటాడు. వాడి తల మీదుగా ఒకాయన చెయ్యి చాపి సిగరెట్టు పెట్టె తీసుకుంటాడు. ఒకావిడ కందిపప్పు కట్టించుకుంటుంది. పాల ప్యాకెట్టుకి వచ్చినావిడ "నాది ఒక్కటేగా" అంటూ ముందుకు జరుగుతుంది. వాడు "అంకుల్, అంకుల్" అంటూనే ఉంటాడు. కొట్టాయన చూడక కాదు. పిల్లాడే కదా, ఆగుతాడులే అనుకుంటాడు.

నా కోపమంతా ఆ "ఆగుతాడులే" మీదే. మా శావల్యాపురంలోనే కాదు, ఏ ఊళ్ళో చూసినా ఎవరు ముందు వచ్చారన్నది కాదు లెక్క, ఎవరు నోరెత్తకుండా ఆగుతారన్నదే లెక్క. పిల్లలు ఆగుతారు. ముసలమ్మలు ఆగుతారు. మిరపకోతల రోజుల్లో పొద్దున్నే చేలోకి వెళ్ళి పొద్దుగూకాక వచ్చిన ఆడవాళ్ళు, చేతులు మండుతుంటే కొంగుతో పట్టుకుని ఆగుతారు. నిజానికి అందరికన్నా తొందరగా ఇంటికెళ్ళాల్సింది వాళ్ళే, ఇంకా పొయ్యి వెలిగించాలి. బండి దిగకుండా, ఇంజను ఆపకుండా "రెండు పేస్టులివ్వు" అని కేకేసినాయన మాత్రం ఆగలేడు.

దీనికి ఇప్పుడు ఫోను తోడయింది. ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో చీటీ పంపినవాళ్ళ సరుకులు ముందు కడుతుంటారు, ఎదురుగా నిలబడ్డ మనం చూస్తుంటాం. ఫోన్లో చెప్పడం తప్పు కాదు. కానీ కాళ్ళ మీద నిలబడ్డ మనిషికన్నా ఫోన్లో మెరిసిన చీటీ ఎట్లా ముందవుతుంది?

మందుల కొట్టు సంగతి వేరు. జ్వరంతో కాలిపోతున్న పిల్లని భుజాన వేసుకొచ్చిన తల్లిని ముందు పంపడానికి ఎవరూ అడ్డు చెప్పరు. చెప్పకూడదు కూడా. అక్కడా తలనొప్పి బిళ్ళ కోసం వచ్చి "ఒక్కటేగా" అనేవాళ్ళుంటారనుకోండి. వాళ్ళ ఒక్కటి అయ్యేసరికి ఇంకో ముగ్గురి ఒక్కట్లు తయారవుతాయి.

మనకి వరస తెలియక ఇట్లా జరుగుతోందని నేను ఒప్పుకోను. 2025 జూన్ 1 నుంచి ఇంటి ముందుకొచ్చే రేషన్ బళ్ళు ఆగి, బియ్యం మళ్ళీ దుకాణాల దగ్గరే ఇస్తున్నారు, నెలలో 1 నుంచి 15వ తేదీ దాకా. వేలిముద్ర పడేదాకా చాలామంది సంచులు వరసగా పెట్టి చెట్టు నీడన కూర్చుంటారు. ఆ సంచిని ఎవరూ పక్కకి నెట్టరు. నెడితే ఊరుకోరు. సంచికి ఇచ్చిన వంతు పిల్లాడికి ఇవ్వలేమా? కొట్టాయన తూకం వేస్తూనే ఒకసారి తలెత్తి "ముందు ఎవరు?" అని అడిగితే సగం గొడవ తీరుతుంది. అడిగే కొట్లున్నాయి. ఆ కొట్లలో జనం వాళ్ళంతట వాళ్ళే "ఇదిగో, ఈ పాప ముందొచ్చింది" అని చెబుతారు.

బట్టల కొట్లకి వస్తే కథ ఇంకొంచెం పెద్దది. మనకి పెళ్ళి బట్టలంటే వినుకొండో నరసరావుపేటో వెళ్ళాలి. పోయిన శ్రావణంలో నరసరావుపేటలో ఒక కొట్లో చూశాను. ఇద్దరు ఆడవాళ్ళు, పనిచేసుకునేవాళ్ళని చూస్తేనే తెలుస్తోంది, పిల్ల పెళ్ళికి చీరలు చూస్తున్నారు. డబ్బు కొంగున ముడేసి ఉంది. చూపించే కుర్రాడు ఓపిగ్గానే చూపిస్తున్నాడు. ఇంతలో కారులో ఒక కుటుంబం వచ్చింది. గల్లాపెట్టె దగ్గర్నుంచి యజమాని ఆ కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచాడు. వాడు చేతిలో చీర అట్లాగే వదిలేసి లేచాడు. వచ్చినవాళ్ళకి కూల్‌డ్రింకులొచ్చాయి. ఈ ఇద్దరూ ఇరవై నిమిషాలు కూర్చుని, చీకటి పడకముందు బస్సు అందుకోవాలని లేచి వెళ్ళిపోయారు. ఒక రోజు కూలి వదులుకుని వచ్చారు. మళ్ళీ రావాలంటే ఇంకో కూలి.

పోతూ పోతూ వాళ్ళలో పెద్దావిడ అరిచింది ఆ కుర్రాడి మీద. యజమానిని ఏమీ అనలేదు. నాకు ఇదే బాధ. మన వంతు తీసి ఇంకొకళ్ళకి ఇచ్చే అధికారం ఒకరిది, తిట్లు తినేది ఇంకొకరు. బిల్లు దగ్గర మిషను ఆగినా, ఫోన్‌పే తిరుగుతూ కూర్చున్నా, ఉన్న నలుగురిలో ఇద్దరు అన్నానికి వెళ్ళినా, ఎదురుగా దొరికిన పిల్ల మీదే మన విసుగు. జనం ఎక్కువ వచ్చే నెలలో మనుషుల్ని ఎక్కువ పెట్టుకోవాల్సింది ఆ పిల్ల కాదు కదా.

ఆ పిల్లలు ఎక్కడివాళ్ళు? మన ఊళ్ళ వాళ్ళే. ఇంటర్ అయిపోయి, డిగ్రీ సగంలో ఆగిపోయి, పొద్దున బస్సుకి వెళ్ళి రాత్రి తిరిగొచ్చే ఆడపిల్లలు. మా వీధిలో ఒక అమ్మాయి అట్లా వెళ్తుంది. ముప్ఫై చీరలు తీయించి ఒక్కటీ కొనకుండా వెళ్ళినా దానికి బాధ లేదట. చూపించడం మా పనే ఆంటీ అంటుంది. చిటిక వేసి పిలిస్తే మాత్రం ఆ రోజంతా మనసు బాగోదట. "ఏయ్", "ఇదిగో నిన్నే" అన్నా అంతే. అమ్మాయ్, తమ్ముడూ, బాబూ అని ఇన్ని పిలుపులున్న మనకి చిటిక ఎందుకో. (వాళ్ళు కూడా ముప్ఫై అయిదేళ్ళ మనిషిని ఆంటీ అనడం మానేసి అక్కా అంటే బాగుంటుందని నా మనవి.)

వాళ్ళ వైపు నుంచీ ఒకటుంది. ఎదురుగా మనిషి నిలబడితే తలెత్తి "ఒక్క నిమిషం అమ్మా, వీళ్ళది అవగానే" అనాలి. ఆ మాట వింటే అరగంటైనా ఆగుతాం. ఫోను చూసుకుంటూనో, పక్క పిల్లతో కబుర్లాడుతూనో మనల్ని గోడలా చూస్తే అయిదు నిమిషాలకే ఒళ్ళు మండుతుంది. బస్సు దిగి వచ్చినవాళ్ళని చీర చూపించకముందే "ఏ రేంజ్‌లో అమ్మా?" అనడం కూడా మానాలి. ఆ ప్రశ్న అవసరమే, కాదనను. అందరినీ అడిగితే సరే.

ఇక నిలబడటం. పాత బట్టల కొట్లలో తెల్ల దుప్పటి పరిచిన పరుపులుండేవి. షావుకారూ కూర్చునేవాడు, చూపించేవాడూ కూర్చునేవాడు, మనమూ కూర్చునేవాళ్ళం. అద్దాల కౌంటర్లు వచ్చాక మనకి కుర్చీలు మిగిలాయి, వాళ్ళకి కాళ్ళు మిగిలాయి. జనం లేని మధ్యాహ్నం కూడా కూర్చోనివ్వరు. కొనడానికి వచ్చినవాళ్ళకి మర్యాద కాదట. అంటే మన మర్యాద పేరు చెప్పే వాళ్ళని నిలబెడుతున్నారు. మనల్ని ఎవరైనా అడిగారా?

కేరళలో అడగకుండానే ఆడవాళ్ళు తేల్చారు. కోళికోడ్ మిఠాయి తెరువులో దర్జీ పని చేసే విజి, కొట్లలో పనిచేసే ఆడవాళ్ళని కూడగట్టి ముందు మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడింది. 2018లో అక్కడ దుకాణాల చట్టం మారింది. 2021లో తమిళనాడూ మార్చింది. పని మధ్యలో వీలు దొరికితే కూర్చోవడానికి సీటు ఉండి తీరాలని అక్కడి చట్టం. చెన్నై బట్టల కొట్ల పిల్లల బతుకు మీద 2010లో వచ్చిన తమిళ సినిమా 'అంగాడి తెరు' తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో చాలామంది చూసే ఉంటారు. చూసి ఏడ్చినవాళ్ళమే, కొట్టుకెళ్ళి కూర్చున్న పిల్లని చూసి "కస్టమర్లొస్తే లేవదేం" అంటాం.

మన రాష్ట్రంలో దుకాణాల చట్టం 1988 నాటిది. వారానికో సెలవు అందులో ఉంది. మా వీధి అమ్మాయికి పండగ నెలల్లో అదీ దొరకడం లేదు.

ఈసారి వరలక్ష్మీ వ్రతానికి చీర కొనడానికి వెళ్ళినప్పుడు కౌంటరు వెనక స్టూలు ఉందేమో చూడండి. ఉంటే దాని మీద ఎవరున్నారో కూడా చూడండి. నేను చూసిన రెండు కొట్లలో స్టూళ్ళున్నాయి. వాటి మీద మడతపెట్టాల్సిన చీరలున్నాయి.