విరిగిన స్కేలుతో మొదలుపెడదాం

తెలంగాణ వరి రైతుకు ఇప్పుడు మిల్లీమీటరుతో పని పడింది. సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ 2024 వానాకాలం పంట నుంచి మొదలైంది. ఏది సన్నం, ఏది దొడ్డు అన్నది నోటిమాటతో తేలే వ్యవహారం కాదు గనుక ప్రభుత్వం కొలత పెట్టింది. గింజ పొడవు 6 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5 కంటే ఎక్కువ రావాలి. గింజను కొలిచే కాలిపర్లు కొనుగోలు కేంద్రాలకు చేరాయి.

నిజామాబాద్ జిల్లాలో, బాన్సువాడ నియోజకవర్గంలో ఉన్న రుద్రూర్ ఈ లెక్కలకు కొత్త ఊరేమీ కాదు. నిజాంసాగర్ నీళ్లతో వరి, చెరకు పండే నేల ఇది. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం ఇక్కడే ఉంది. సాలుకు సాలుకు ఎంత ఎడం, కుదురుకు కుదురుకు ఎంత ఎడం అన్నది అక్కడి శాస్త్రవేత్తలకు దినచర్య. ఊళ్లో మేస్త్రీ అంగుళాల్లో, సూతుల్లో మాట్లాడతాడు. ఇంటి జాగా గజాల్లో చెబుతారు, పొలం గుంటల్లో చెబుతారు. నిజాంసాగర్ నిండిందా లేదా అన్నది 1,405 అడుగుల గీత దగ్గర తేలుతుంది. ఇంత కొలత నడుమ పెరుగుతున్న పిల్లలకు బడిలో పొడవు పాఠం ఎలా అందుతోందన్నది నా ప్రశ్న. రుద్రూర్‌కే పరిమితమైన ప్రశ్న కాదిది, రాష్ట్రంలోని ప్రతి ప్రాథమిక పాఠశాలనూ అడగవలసినదే. పొడవు రోజూ డబ్బుగా మారే ఇలాంటి ఊళ్లో అడిగితే దాని బరువు తెలుస్తుందని ఇక్కడి నుంచి మొదలుపెట్టాను.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ పేరిట గ్రామీణ పిల్లల చదువును పరీక్షిస్తోంది. 2023 నివేదిక కోసం 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల వయసున్న 34,745 మందిని కలిశారు. అడిగిన వాటిలో స్కేలు ప్రశ్న ఒకటి. వస్తువు ఒక కొన సున్నా గీత దగ్గర ఉన్నప్పుడు పొడవు ఎంతో దాదాపు 85 శాతం మంది సరిగ్గా చెప్పారు. మొదటి కొనను సున్నా దగ్గర కాకుండా మరో గీత దగ్గర పెట్టి అడిగితే చెప్పగలిగింది 39 శాతం మందే. వీళ్లు పసిపిల్లలు కారు, ఎనిమిదేళ్లో పదేళ్లో బడి ముఖం చూసినవాళ్లు. అంటే మొదటి ప్రశ్నకు సరైన జవాబు చెప్పినవాళ్లలో సగానికి పైగా అసలు కొలవనే లేదు. వస్తువు చివర ఏ అంకె కనబడితే ఆ అంకె చదివారు. సున్నా దగ్గర మొదలైంది కాబట్టి అది సరిపోయింది.

పేదరికం వల్లనో సర్కారు బడుల వల్లనో ఇలా అయిందనుకుంటే పొరపాటు. అమెరికాలో 2003 నాటి జాతీయ పరీక్షలో 8 అంగుళాల గీత దగ్గర మొదలై పదిన్నర దగ్గర ముగిసే టూత్‌పిక్ బొమ్మ ఇచ్చి పొడవు అడిగితే, నాలుగో తరగతి పిల్లల్లో ఐదుగురికి ఒక్కరే రెండున్నర అన్నారు. డబ్బున్న దేశంలోనూ బడి ఇదే తప్పు చేసింది.

తప్పు ఎక్కడుందో చూడాలంటే పిల్లల తప్పు జవాబులనే శ్రద్ధగా వినాలి. పెన్సిల్‌ను స్కేలు మీద 3 నుంచి 8 దాకా ఉంచి అడిగితే కొందరు 8 అంటారు. వాళ్లు చివర చూశారు, మొదలు చూడలేదు. కొందరు 6 అంటారు. ఇది ఇంకా ఆసక్తికరమైన తప్పు. ఆ పిల్ల 3, 4, 5, 6, 7, 8 అని గీతలు లెక్కపెట్టింది. గీతలు నిజంగానే ఆరున్నాయి. కొలవవలసింది గీతలను కాదని, గీతకూ గీతకూ నడుమ ఉన్న ఖాళీనని ఆ పిల్లకు ఎవరూ చూపించలేదు. మామిడిపళ్లు, గోళీలు, వేళ్లు లెక్కపెట్టి అంకెలు నేర్చుకున్న పిల్లకు కంటికి కనబడేదాన్ని లెక్కపెట్టడమే తెలుసు. ఖాళీని లెక్కపెట్టడం వేరే విద్య, దాన్ని విడిగా నేర్పాలి.

రుద్రూర్ పంతులమ్మ దీన్ని నేర్పడానికి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, బడి పక్క మడి చాలు. వానాకాలం వరిలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు, యాసంగిలో 44 కుదుళ్లు ఉండాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. వానాకాలంలో సాళ్ల మధ్య 20 సెంటీమీటర్లు, కుదుళ్ల మధ్య 15 సెంటీమీటర్లు వదిలితే ఆ లెక్క వస్తుంది. సాళ్లు పట్టి నాటిన మడి గట్టు మీద మూడో తరగతి పిల్లలను నిలబెట్టి, మీటరు కర్ర ఒక కొనను ఒక సాలుకు ఆనించి, సాళ్లకు అడ్డంగా పట్టమనండి. కర్ర పొడవునా ఎన్ని సాళ్లున్నాయి? ఆరు. ఎన్ని ఎడాలున్నాయి? ఐదు. పిల్లలు కాసేపు కొట్లాడుకుంటారు, కొట్లాడుకోనివ్వాలి. ఆరు సాళ్లకు ఐదు ఎడాలే ఎందుకున్నాయో వాళ్ల నోటితో వాళ్లే చెప్పిన రోజున స్కేలు మీది గీతల గుట్టు వీడిపోతుంది. సుడిదోమ ఉద్ధృతి తగ్గడానికి ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమనేదీ శాస్త్రవేత్తల సూచనే. ఆ బాట నిజంగా 20 సెంటీమీటర్లుందా అని కొలిచి వచ్చి ఇంట్లో చెప్పే పిల్లను ఏ రైతు కసురుకుంటాడు?

అయితే మూడో తరగతికి ముందు జరగవలసింది చాలా ఉంది. స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాని జాఁ పియాజె పిల్లల ముందు సమానమైన రెండు పుల్లలు పక్కపక్కన పెట్టేవాడు. సమానమేనని ఒప్పించాక ఒకదాన్ని కాస్త ముందుకు జరిపేవాడు. ఐదారేళ్ల పిల్లలు చాలామంది జరిపిన పుల్లే పొడుగైందనేవాళ్లు. ముందుకు పొడుచుకొచ్చిన కొన చూస్తారు, వెనక తగ్గిన కొన చూడరు. పైన చెప్పుకున్న స్కేలు తప్పుకు మొలక ఇక్కడుంది. ఒక కొన మీదే దృష్టి పెట్టే పసివాడు బడికొచ్చి, అదే అలవాటుతో స్కేలు పట్టుకుని, పద్నాలుగేళ్లొచ్చినా ఒక కొనే చూస్తున్నాడు. వయసుతో పాటు కొంత దానంతటదే సర్దుకుంటుందన్న పియాజె మాట నిజమే. కానీ ఆ సర్దుబాటు మీదే భారం వేసి బడి చేతులు దులుపుకుంటే ఫలితం 39 శాతం దగ్గర ఆగుతుంది.

ఒకటో తరగతికి అంకె లేని పోలిక కావాలి. రెండు చెరకు ముక్కలు, రెండు తాడు ముక్కలు, ఇద్దరు పిల్లల ఎత్తులు చాలు. ఎత్తు చూసుకునేటప్పుడు మునివేళ్ల మీద లేచేవాడు ఒకడు ఉంటాడు, మెట్టెక్కి నిలబడేవాడు ఇంకొకడు. మిగతావాళ్లు ‘అది చెల్లదు’ అని అరుస్తారు. ఆ అరుపులోనే అసలు సూత్రం ఉంది, ఇద్దరూ ఒకే చోట నుంచి మొదలుకావాలి. పంతులు దాన్ని పట్టుకుని పుల్లల దగ్గరికి, ఆ తర్వాత స్కేలు దగ్గరికి తీసుకెళ్లాలి. తర్వాతి మెట్టు, పక్కపక్కన పెట్టలేని వాటిని పోల్చడం. తరగతి తలుపును బల్ల దగ్గరికి తేలేం. అప్పుడు దారం కావాలి. తలుపు వెడల్పు దారం మీదికెక్కి బల్ల దాకా నడిచొస్తుంది. మూడో వస్తువు సాయంతో రెండింటిని పోల్చవచ్చునన్న ఈ ఆలోచన పెద్దలకు చప్పగా అనిపిస్తుంది. ఆరేళ్ల బుర్రకు మాత్రం అది పెద్ద గెంతు.

ఇక కొలత ప్రమాణం. మన పిల్లలకు దీన్ని ఏ ఆచార్యుడూ చెప్పకముందే చిర్రగోనె ఆట చెప్పింది. చిన్న కర్రముక్క చిర్ర ఎంత దూరం పడిందో పొడుగు కర్ర గోనెతో కొలుస్తారు. గోనె పెట్టిన చోట వేలితో గీత గీసి, సరిగ్గా ఆ గీత నుంచే మళ్లీ పెట్టాలి. కొంచెం ఖాళీ వదిలి సంఖ్య తగ్గించినా, కొంచెం మీదికి జరిపి సంఖ్య పెంచినా ఎదుటి జట్టు ఊరుకోదు. ఒకే ప్రమాణం, ఖాళీ లేకుండా, ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కకుండా, కొన నుంచి కొనదాకా. విద్యా పరిశోధకులు పేజీలకు పేజీలు రాసిన నియమాలన్నీ ఆ గొడవలో ఉన్నాయి. ఆట వీధుల్లో తగ్గిపోయింది, క్రికెట్ వచ్చింది, దాని మీద కన్నీళ్లు పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. వారానికి ఒకసారి బడి ఆవరణలో ఆడించడానికి రెండు కర్రముక్కలు చాలని మాత్రం గుర్తుచేస్తున్నాను.

ఇక్కడ నాకు పాఠ్యపుస్తకాలతో ఒక పేచీ ఉంది. ముందు జానలు, మూరలు, అడుగులు, ఆ తర్వాత ఎప్పటికో స్కేలు. ఈ వరుస దశాబ్దాలుగా నడుస్తోంది. దాని వెనక తర్కం బాగానే ఉంది: నీ జాన, నా జాన ఒకటి కాదు కాబట్టి అందరికీ ఒకే ప్రమాణం కావాలని పిల్లలకు తోస్తుందని ఆశ. కానీ ప్రమాణం మారకూడదన్న సంగతే ఇంకా తెలియని పిల్లకు మనిషి మనిషికీ మారే ప్రమాణం ఇస్తే వెలుగు కంటే గందరగోళమే ఎక్కువ. 1993లో టెరెజీనా నూనెస్ బృందం ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు కొందరికి దారం, కొందరికి స్కేలు, కొందరికి విరిగిన స్కేలు ఇచ్చి చూసింది. దారం ఇచ్చినవాళ్ల కంటే స్కేలు ఇచ్చినవాళ్లు బాగా చేశారు, విరిగిన స్కేలుతోనూ చాలామంది నెట్టుకొచ్చారు. కాబట్టి జానలకు ఒకటి రెండు రోజులు చాలు. ఆ తర్వాత సమానంగా కోసిన అగ్గిపుల్లలు వరుసగా పేర్చనివ్వండి, తర్వాత ఒకే పుల్లను జరుపుతూ కొలవనివ్వండి, రెండో తరగతిలోనే స్కేలు చేతికివ్వండి. ఆ స్కేలు విరిగినదైతే ఇంకా మంచిది. 4 దగ్గర మొదలయ్యే ముక్క చేతిలో ఉంటే చివరి అంకె చదివి తప్పించుకోవడం కుదరదు. విరిగిన స్కేళ్లకు మన బడుల్లో కరువు లేదు.

పొడవును లెక్కల పుస్తకం చివర్లో అతికించే చిన్న పాఠంగా చూడడమే అసలు లోపం. సోవియట్ మనోవిజ్ఞాని వి.వి. దవిదోవ్ దీన్ని తలకిందులు చేశాడు. ఆయన పాఠ్యక్రమంలో ఒకటో తరగతి పిల్లలు అంకెల కంటే ముందు పొడవులు, బరువులు, పరిమాణాలు పోలుస్తారు. ఈ పట్టీ ఆ పట్టీ కంటే పెద్దదని అక్షరాలతో రాస్తారు. ఈ చిన్న పట్టీ ఆ పెద్ద పట్టీలో ఎన్నిసార్లు పడుతుందన్న ప్రశ్నకు జవాబుగా అంకె వస్తుంది. మనం అంత దూరం పోనక్కర్లేదు. అయితే పొడవు తెలిసిన పిల్లకు సంఖ్యారేఖ అర్థమవుతుంది, ఒకటికీ రెండుకూ నడుమ అర, పావు ఉంటాయన్నది కంటికి కనబడుతుంది. ఐదో తరగతిలో భిన్నాలు రాక ఏడ్చే పిల్లల ఏడుపులో కొంత భాగం రెండో తరగతి స్కేలు దగ్గర మొదలైందే.

మరి బడిలో ఇది ఎందుకు జరగడం లేదు? పంతుళ్లను తిట్టడం తేలిక. ఇద్దరే టీచర్లు ఐదు తరగతులు చూసుకునే చోట పిల్లలను మడిగట్టుకు తీసుకెళ్లడం మాటలు కాదు. అంతకంటే పెద్ద కారణం, వాళ్లను దేని మీద లెక్క అడుగుతున్నామన్నది. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం 2021 జులైలో ప్రకటించిన నిపుణ్ భారత్ ప్రధాన లక్ష్యాలు చూడండి. ఒకటో తరగతికి 99 దాకా సంఖ్యలు, రెండుకు 999, మూడుకు 9999, కూడిక, తీసివేత, తేలిక గుణకారం. కొలత అనే మాట వివరమైన అభ్యసన ఫలితాల్లో ఉంది, గోడకు అతికించే లక్ష్యాల్లో లేదు. తెలంగాణ 2022లో తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమానికీ చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలే గుండెకాయ. అధికారి తనిఖీకి వస్తే తీసివేత చేయించి చూస్తాడు. తాడు చేతికిచ్చి తలుపు కొలవమనడు. అడగనిదాన్ని బడి నేర్పదు, ఏ దేశంలోనూ నేర్పలేదు.

‘1 మీటరు = 100 సెంటీమీటర్లు’ అని బట్టీ పట్టించడమే కొలతల పాఠంగా మిగిలిపోవడానికి కారణం ఇదే. అది పరీక్షలో అడగడానికి సులువు, దిద్దడానికి ఇంకా సులువు. మీటరు ఎంత ఉంటుందో చేతులు చాచి చూపమంటే ఆ పిల్లలే తెల్లమొహం వేస్తారు. ఇంట్లో అడుగులు, అంగుళాలు, బడిలో సెంటీమీటర్లు అన్న చిక్కు ఒకటుంది గానీ అది పెద్ద చిక్కు కాదు. చిన్న స్కేలు ఒక అంచున 15 సెంటీమీటర్లు, రెండో అంచున 6 అంగుళాలు ఉంటాయి. రెండు వైపులా కొలవనిస్తే పిల్లలే సర్దుకుంటారు.

రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలికి (ఎస్‌సీఈఆర్‌టీ) నేను చేసే విన్నపం చిన్నది. కొత్త పుస్తకాలు వద్దు, కొత్త కిట్లు వద్దు, శిక్షణ శిబిరాలు అసలే వద్దు. మూడో తరగతి పిల్లలకు పెట్టే ప్రతి సామర్థ్య పరీక్షలోనూ సున్నా దగ్గర మొదలుకాని పెన్సిల్ బొమ్మ ఒకటి వేసి, దాని పొడవెంతో అడగండి. తనిఖీకి వెళ్లే మండల విద్యాధికారి జేబులో ఒక దారపు ముక్క పెట్టుకుని వెళ్లాలి, తలుపు పెద్దదా బల్ల పెద్దదా తేల్చమని ఒక పిల్లను అడగాలి. ఈ రెండూ రుద్రూర్ మండలంలో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. అందుకు జీవో అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.