పై మట్టి అడుగున పడితే ఎట్లా?



బెల్లంపల్లి చుట్టుపక్కల గుట్టల్లో కొన్నింటికి పేర్లున్నాయి. మిగతావాటిని చూపించి అడిగితే 'అది ఓబీ' అంటారు. ఓవర్‌బర్డెన్ అన్న మాటకు గనుల ఊళ్లు పెట్టుకున్న పొట్టి పేరది. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మీదున్నదంతా తవ్వి, డంపర్లతో తెచ్చి పోసిన కుప్ప.

ఆ కుప్పలో దొరికే బూడిదరంగు పలకరాయిని సందు చూసి విడదీస్తే ఒక్కోసారి నాలుక ఆకారంలో ఆకు అచ్చు కనబడుతుంది. నడిమి ఈనె, దాని పక్కన వల అల్లినట్టు సన్నటి ఈనెలు. అది గ్లాసోప్టెరిస్. సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందట ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే నేలగా ఉన్నప్పుడు పెరిగిన చెట్టు. ఆ నేలకు శాస్త్రవేత్తలు పెట్టిన గోండ్వానా అన్న పేరు మన అడవుల గోండులదే. అప్పట్లో ప్రాణహిత-గోదావరి లోయ వెంట భూమి పొర సాగి, పగుళ్ల నడుమ కిందికి దిగుతూ పోయింది. నదులు తెచ్చిన ఇసుక, కుళ్లని చెట్లు ఆ పల్లంలో పొరలు పొరలుగా పడ్డాయి. చెట్లు బొగ్గయ్యాయి, ఇసుక రాయయ్యింది.

ఆ పగుళ్లు ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. ఇండియా ఫలకం ఏటా 5 సెంటీమీటర్ల దాకా ఉత్తరానికి జరుగుతూ హిమాలయాలను నెడుతుంటే, ఆ ఒత్తిడికి పాత పగుళ్లు అప్పుడప్పుడు కదులుతాయి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర, 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో వచ్చిన భూకంపాలు ఈ లోయవే. (గనుల ఊళ్లలో కిటికీలు అదిరితే ముందు గుర్తొచ్చేది బ్లాస్టింగే అనుకోండి.)

అసలు గొడవ వేరే. తవ్వినప్పుడు ముందు వచ్చేది జానెడు పై మట్టి. వేళ్లు, వానపాములు, సూక్ష్మజీవులు, రాలిన గింజలు అన్నీ అందులోనే. అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. దాన్ని వేరుగా తీసిపెట్టకపోతే కుప్పలో అడుగున పడుతుంది, కోట్ల ఏళ్ల నాటి ఇసుకరాయి పైకొస్తుంది. పట్టి ఉంచే జీవపదార్థం లేని ఆ ఇసుకరాతి పొడి మొదటి పెద్దవానకే జారుతుంది. వాలు మీద వేలెడంత చార, మరుసటి ఏడాదికి మనిషి దిగేంత గండి. ఒర్రె నీళ్లు బూడిదరంగుకు తిరుగుతాయి, కింది చెలకలో ఇసుక మేట వేస్తుంది.

కుప్ప మీద మొక్కలు నాటి ఫోటోలు దిగితే నేల బాగుపడినట్టు కాదు. అమెరికాలో 1977 చట్టం ప్రకారం ఓపెన్‌కాస్ట్ చేసేవాళ్లు పై మట్టిని విడిగా తీసి తిరిగి పరచాలి. మన దగ్గరా పర్యావరణ అనుమతుల్లో పై మట్టిని విడిగా నిల్వచేయాలన్న షరతు మామూలే. తీసిపెట్టడంలోనూ పద్ధతి ఉంది. ఎత్తుగా పోస్తే లోపల గాలి ఆడక సూక్ష్మజీవులు చస్తాయి. తక్కువ ఎత్తులో పోసి, జనుమో పిల్లిపెసరో చల్లి, వీలైనంత తొందరగా వాడెయ్యాలి.

గని ప్రజాభిప్రాయ సేకరణల్లో పరిహారం, ఉద్యోగాలు అడగాల్సినవే. వాటితోపాటు పై మట్టి ఎక్కడ పోస్తారు, ఎంత ఎత్తున పోస్తారు, ఏ ఏడు తిరిగి పరుస్తారు అని కూడా అడిగి, జవాబు మినిట్స్‌లో రాయించాలి.

— ఒక పాఠకుడు, బెల్లంపల్లి