ఓడిపోయే హక్కు

ఆడవాళ్ళ జట్టు ఓడిపోయినప్పుడు మన సమాజం రెండే మాటలు మాట్లాడుతుంది. ఒకటి, ‘ఆడవాళ్ళు ఒత్తిడికి తట్టుకోలేరు’. రెండోది, ‘పోనీలే, మన ఆడబిడ్డలు మనసులు గెలుచుకున్నారు’. మొదటిది నింద, రెండోది ఓదార్పు అనుకుంటాం. నా దృష్టిలో రెండూ ఒకటే. ఓటమికి కారణం స్త్రీ స్వభావంలోనే ఉందని మొదటిది తేల్చేస్తుంది. అసలు కారణం వెతకాల్సిన పనే లేదంటుంది రెండోది. రెండింటిలోనూ ఆట గురించి ఒక్క ముక్క ఉండదు.

2017 జూలై 23న లార్డ్స్ మైదానంలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ గురించి చెబుతున్నాను. సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకున్న మిథాలీ రాజ్ 1999లో దేశానికి ఆడటం మొదలుపెట్టినప్పటి నుంచీ నేను ఆ జట్టు అభిమానిని. ఆ ఆదివారం లక్సెట్టిపేటలో మా అక్క ఇంట్లో, ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆట చూశాను. ఇంగ్లండ్ 228 పరుగులు చేసింది. మనవాళ్ళు 3 వికెట్లకు 191 దాకా వచ్చారు. పూనమ్ రౌత్ 86, హర్మన్‌ప్రీత్ కౌర్ 51. గెలుపు చేతికందినట్టే అనిపించింది. ఆ తర్వాత 28 పరుగుల్లో 7 వికెట్లు పోయాయి. ఆన్యా ష్రబ్‌సోల్ ఒక్కతే 6 వికెట్లు తీసింది. 9 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అంతకన్నా బాధ పెట్టింది, ఆట ముగిసీ ముగియకముందే వాకిట్లోంచి వినిపించిన మాట: “ఆడోళ్ళతోటి ఏమైతది?”

2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో పురుషుల జట్టు ఏం చేసింది? వరుసగా 10 మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 6 వికెట్ల తేడాతో ఓడిపోయింది. పిచ్ గురించి, టాస్ గురించి, మధ్య ఓవర్లలో బౌండరీలు రాకపోవడం గురించి ఎంతో చర్చ జరిగింది. మగవాళ్ళు ఒత్తిడికి తట్టుకోలేరని ఎవరైనా అన్నారా? మగవాళ్ళు ఓడితే ఆ రోజు ఆడిన పదకొండు మందే ఓడతారు. ఆడవాళ్ళు ఓడితే మొత్తం స్త్రీజాతి ఓడినట్టు లెక్క.

ఒత్తిడిని తట్టుకోవడం పుట్టుకతో వచ్చే గుణం కాదు, ఆడగా ఆడగా వచ్చే అలవాటు. ఆ అవకాశం ఎవరికి ఎంత దక్కిందో చూద్దాం. 2005లోనూ మన జట్టు మిథాలీ నాయకత్వంలో ప్రపంచ కప్ ఫైనల్‌కు వెళ్ళింది. అప్పుడు మ్యాచ్‌కు 1,000 రూపాయలు దొరికేవని తర్వాత ఆమే చెప్పింది. క్రికెట్ బోర్డు మహిళల ఆటను తన కిందికి తెచ్చుకున్నది 2006లో, వార్షిక కాంట్రాక్టులు ఇచ్చింది 2015లో. మగవాళ్ళ ఐపీఎల్ 2008లో మొదలైతే, ఆడవాళ్ళ లీగ్ 2023లో వచ్చింది. 2014 నవంబరు నుంచి 2021 జూన్ దాకా మన మహిళలకు ఒక్క టెస్టు మ్యాచ్ కూడా లేదు. 23 ఏళ్ళ ఆటలో మిథాలీ ఆడిన టెస్టులు 12. లార్డ్స్‌లో ఆఖరి ఏడు వికెట్ల గురించి మాట్లాడేవాళ్ళు ఈ లెక్క కూడా చెప్పాలి.

అంటే ఆ రోజు ఆటలో లోపాల్లేవని కాదు. మిథాలీ రనౌటునూ, చివర్లో తొందరపాటు షాట్లనూ విమర్శించాల్సిందే. విమర్శించడమంటే వాళ్ళను ఆటగాళ్ళుగా గుర్తించడం. జాలిపడటమంటే గుర్తించకపోవడం.

2025 ప్రపంచ కప్‌లో మన జట్టు లీగ్ దశలో వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయింది. అందులో రెండు విశాఖపట్నంలోనే. అదే జట్టు నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి కప్ గెలుచుకుంది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. మూడుసార్లు ఓడి కూడా మళ్ళీ ఆడే వీలుంది కాబట్టే ఆ గెలుపు వచ్చింది. అలాగని అన్నీ సమానమైపోలేదు. 2022లో మ్యాచ్ ఫీజులు సమానం చేశారు. కానీ 2024-25 వార్షిక కాంట్రాక్టుల్లో పురుషుల పై శ్రేణికి 7 కోట్లు, మహిళల పై శ్రేణికి 50 లక్షలు.

క్రికెట్ కంపెనీల ఆట, దేశభక్తి పేరుతో జరిగే వ్యాపారం, దాంతో మనకేం పని అనే మిత్రులున్నారు. వ్యాపారమన్నది నిజమే. అయితే నేను మాట్లాడుతున్నది కప్పుల గురించి కాదు, ఖాళీ సమయం గురించి, బహిరంగ స్థలం గురించి. బీడీలు చుట్టే ఇళ్ళలో బడి నుంచి వచ్చిన ఆడపిల్ల తల్లి పక్కన దారం చుట్టడానికి కూర్చుంటుంది. అదే ఇంట్లో మగపిల్లవాడు బ్యాటు పట్టుకుని బయటికి పోతాడు. ఇది కూడా శ్రమ విభజనే. కూలి రేట్లలో ఎంత వివక్ష ఉందో సాయంకాలపు మైదానంలోనూ అంతే ఉంది. లార్డ్స్ ఓటమి మర్నాడు ఇంటర్ చదివే మా అక్క కూతురు నాతో ఒక మాటంది: “ఓడనీకైనా గ్రౌండ్ల అడుగు పెట్టాలె గద చిన్నమ్మా! మమ్ముల ఎవరు రానిస్తరు?”

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాల్సింది క్రికెట్ బోర్డు కాదు, మన ఊళ్ళే. కూలి, పింఛను, మద్యం, కట్నం మీద పోరాడే సంఘాలు ఆటను తీరిక ఉన్నవాళ్ళ వ్యవహారంగా చూడటం మానాలి. ప్రతి మండల కేంద్రంలో మైదానం రోజూ సాయంత్రం ఒక గంట ఆడపిల్లలదే కావాలి. అక్కడ లైట్లు, నీళ్ళు, మరుగుదొడ్డి ఉండాలి. ప్రతి ఉన్నత పాఠశాలలో ఆటలు నేర్పే మహిళా ఉపాధ్యాయిని ఉండాలి. పొద్దుపోయాక ఇల్లు చేరడానికి బస్సు ఉండాలి. పతకాలు తెస్తారని కాదు, తేకపోయినా సరే. పదిమంది చూస్తుండగా ఆడి, ఓడి, మర్నాడు మళ్ళీ వచ్చి ఆడే వీలు మగపిల్లలకు అడగకుండానే దొరుకుతోంది. మన పిల్లల కోసం దాన్ని అడిగి తీసుకుందాం.