ఒంటితీగ వాద్యము

భాగ్యనగరమున టోలిచౌకి కూడలికి ఒక వంక గోలకొండ కోటయు, మరొక వంక ఫిలింనగర్ గుట్టలును ఉన్నవి. కోటలో ఆషాఢమాసమున జగదంబకు తొలి బోనమెత్తుదురు. నగరమంతటి బోనాల పండుగ అక్కడనే మొదలగును. గుట్టలమీద తెలుగు చలనచిత్రములకు పాటలు కట్టుదురు. ఈ రెండింటికిని నడుమ దూరము కొద్ది మైళ్లు మాత్రమే. అయినను, బోనాల దినములలో ఎల్లమ్మ గుడివద్ద మ్రోగు ఒక వాద్యమును చూపి దీని పేరేమని అడిగినచో, ఈ ప్రాంతమున పుట్టి పెరిగిన బాలురలోనే పలువురు తెల్లమొగము వేయుదురు. గిటారు పేరు వారికి తెలియును. వయొలిను పేరు తెలియును. ఇంటిప్రక్కన మ్రోగుచున్న జమిడిక పేరు తెలియదు.

చూచుటకు జమిడిక ధాన్యము కొలుచు కుంచమువలె నుండును. గుండ్రని డొల్ల, ఒక వైపున చర్మము బిగించియుండును, రెండవ వైపు తెరచియుండును. చర్మపు నట్టనడుమ రంధ్రము చేసి, నరమునో తీగనో దూర్చి, అది జారిపోకుండ వెలుపల ముడివేయుదురు. ఆ తీగ డొల్ల లోపలి నుండి సాగి, తెరచియున్న అంచును దాటి, చిన్న కొయ్యపిడిని చేరును. వాయించువాడు డొల్లను చంక నిరికించుకొని, ఎడమచేత పిడిని పట్టి లాగుచు, కుడిచేత చిన్న పుల్లతో తీగను మీటును. ఇంతకంటె దానిలో మరేమియు లేదు. మెట్లు లేవు, బిరడలు లేవు. పిడిని లాగినచో స్వరము పైకి పోవును. వదలినచో క్రిందికి దిగును. 'జుం' అని మొదలైన ధ్వని, ఆ మీటు ఆరిపోకముందే 'జుంయి' అని పైకి సాగి, ఎవరినో ప్రశ్న అడిగినట్లు నిలిచిపోవును.

తెలంగాణమున బైండ్లవారు ఈ వాద్యముతో ఎల్లమ్మ కథ చెప్పుదురు. రేణుక చరిత్రము, పరశురాముని కోపము, తల్లి తల తెగిపడుట, ఆమె గ్రామదేవతయై కొలువుదీరుట — ఇంత పెద్ద కథకు ప్రధానమైన తోడు ఈ ఒక్క తీగయే. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో ఇట్టి వాద్యమునే జముకు అందురు. దానితో చెప్పు కథలకు జముకుల కథలని పేరు. కన్నడదేశమున ఎల్లమ్మ భక్తులు చౌడికె అను పేర, వంగదేశమున బావులు గాయకులు ఖమక్ అను పేర ఇదే తీరు వాద్యమును వాయింతురు. ఒకరిని చూచి మరొకరు చేసికొనిరో, ఎవరికి వారే కనిపెట్టిరో పండితులు తేల్చవలసిన విషయము. ఏ మూల చూచినను దానిని పట్టినవాడు సామాన్యుడే యనుట మాత్రము స్పష్టము.

ఇందువలననే కాబోలు, కొందరు దీనిని 'పేదవాని వీణ' అని దయతో పిలుచుచుందురు. ఆ మాటలో దయ ఉన్నను న్యాయము లేదు. వీణ కొనలేక జమిడిక పట్టినవాడు ఒక్కడైన నుండడు. వీణకు వెల చెల్లింపగల ధనము చేతికి వచ్చినను, ఎల్లమ్మ కథ చెప్పువాడు జమిడికను విడిచిపెట్టడు. వీణతో ఆ కథ నడువదు. లేక చేసికొన్న వస్తువునకును, కావలెనని చేసికొన్న వస్తువునకును భేదము కలదు. ఈ భేదము తెలియుటకు ఒకమారు ఇంగ్లండు దేశపు బాలుర కథ వినవలెను. ఒంటితీగ వాద్యము అక్కడను ఒకప్పుడు ఇంటింట మ్రోగినది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదపకూడ ఆ దేశమున కరవు రోజులు చాలకాలము సాగెను. ఆహారపు రేషను 1954లో గాని తొలగలేదు. ఆ సంవత్సరముననే లానీ డానెగన్ అను యువకుడు 'రాక్ ఐలండ్ లైన్' అను పాటను రికార్డు చేసెను. అమెరికాలోని ఒక చెరసాలలో నల్లజాతి ఖైదీలు పాడుకొన్న పాట అది. 1956లో అది ఇంగ్లండు అంతట మారుమ్రోగెను. గిటారుమీద రెండు మూడు పట్టులు తెలిసిన చాలును, ఆ పాట ఎవరైనను పాడవచ్చును. ఈ సంగీతమునకు స్కిఫుల్ అని పేరు. వేలకొలది బాలురు జట్లు కట్టిరి. ఒకనికి గిటారు దొరకును. మరొకడు బట్టలుతుకు గరుకుపలకను తెచ్చి వ్రేళ్లకు అంగుస్తానులు తొడిగి గీకును. కాని మంద్రస్వరము పలుకు పెద్ద వాద్యమునకు డబ్బెక్కడిది?

అందులకు వారు తేయాకు పెట్టెను పట్టిరి. మన దేశమునుండియు, సింహళమునుండియు తేయాకు ఆ దినములలో ఓడలలో పోయెడిది పలుచని చెక్కపెట్టెలలోనే. ఖాళీ పెట్టెను బోర్లించి, పైన నడుమ రంధ్రము చేసి, దారమును దూర్చి లోపల ముడివేయుదురు. దారపు రెండవ కొనను చీపురుకర్ర తలకు కట్టి, కర్ర పాదమును పెట్టె అంచుమీద నిలుపుదురు. కర్రను వెనుకకు వంచినచో దారము బిగిసి స్వరము హెచ్చును. ముందుకు వంచినచో తగ్గును. అస్సాము తోటలలో కూలీలు కోసిన ఆకు ఇంగ్లండు వారి కప్పులోనికి పోగా, దానిని మోసిన పెట్టె వారి పిల్లల చేతిలో వాద్యమాయెను. అమెరికాలోనైతే ఇదే పనికి బట్టలుతుకు తొట్టిని బోర్లించెడివారు. లివర్‌పూల్ నగరమున 1956లో జాన్ లెనన్ అను పాఠశాల విద్యార్థి కట్టిన 'క్వారీమెన్' జట్టులోను తేయాకు పెట్టె ఉండెను. ఆ జట్టే పెరిగి మారి తరువాత 'బీటిల్స్' అను పేర లోకమంతట ప్రసిద్ధి కెక్కెను.

అయితే ప్రసిద్ధి కెక్కునాటికి ఆ జట్టులో తేయాకు పెట్టె లేదు. రెండు మూడేండ్లలోనే స్కిఫుల్ వేడి చల్లారెను. డబ్బు చేరినవారు నిజమైన వాద్యములు కొనుగోలు చేసి, పెట్టెలను పారవేసిరి. వారిని తప్పుపట్ట నక్కరలేదు. వారికి ఆ పెట్టె నిచ్చెనలో మొదటి మెట్టు. జమిడిక అట్టిది కాదు. తరతరముల చేతులలో అది అరిగి అరిగి, ఏది అవసరమో అది మాత్రమే మిగిలిన వాద్యము. పేదవాని వీణ అనుచు దానిని మొదటి మెట్టుగ భావించుటలోనే పొరపాటున్నది.

ఒక్క తీగలో ఇన్ని స్వరము లెట్లు పలుకుననుట చిన్న ప్రశ్న కాదు. తీగ స్వరము మూడింటిపై ఆధారపడును: పొడవు, బిగువు, బరువు. పొడవు సగము చేసినచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. బిగువువలన అంతే పైకి పోవలెనన్నచో రెండింతలు చాలదు, నాలుగింతలు బిగింపవలెను. వీణలో వ్రేలు మెట్టుమీద నొక్కి పొడవును మార్చును. మెట్టు ఉన్నచోటనే స్వరమున్నది, కన్ను చూచి చేయి పోవచ్చును. జమిడికలో మారునది ముఖ్యముగ బిగువు. ఎంత లాగవలెనో చెప్పు గుర్తు ఎక్కడను లేదు. చెవి విని చేతికి చెప్పవలెను, చేయి ఆ క్షణముననే వినవలెను. మెట్లు లేని వాద్యము సులభమైనదని తలచువారు ఈ ఒక్కమాట ఆలోచింపవలెను.

డొల్ల సంగతి మరొకటి. తీగ తనంత తాను గట్టిగ పలుకలేదు. సన్ననిది గనుక కొద్ది గాలినే కదలింపగలదు. చర్మము వెడల్పైనది, అది తీగతో కలిసి అదరినప్పుడు ఎక్కువ గాలి కదలును, డొల్ల దానిని నింపి పంపును. గోలకొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటము క్రింద చప్పట్లు చరచినచో కొండపైని బాలాహిసారులో వినబడును. విహారమునకు పోయిన బాలలందరును అక్కడ చప్పట్లు కొట్టినవారే. ఇంటివద్ద చరచినవియు ఆ చేతులే. శబ్దమునకు దొరికిన చోటు మారినది. కోటకు ఆ శాస్త్రము తెలిసినదని మెచ్చుకొను నగరము, జమిడిక చేసినవానికిని శబ్దపు నడక తెలిసినదని ఒప్పుకొనుటకు వెనుకాడుచున్నది.

ఇక ఫిలింనగర్ మాట. జమిడిక మీటును ఒకమారు రికార్డు చేసికొన్న పిదప, కంప్యూటరులో బొత్తాము నొక్కి ఎన్నిసార్లయినను వినిపింపవచ్చును. ఆ ధ్వనిని పైకి క్రిందికి జార్చు సాధనములును ఉన్నవి. కావున వాద్యము బ్రదికియే యున్నది గదా, వాద్యకారుడు లేకున్న నేమి యని కొందరి వాదము. వినుటకు ఇది సమంజసముగనే తోచును. కాని బ్రదికియున్నది అప్పటికి పలికిన ధ్వని మాత్రమే. కథ చెప్పువాడు ఊపిరికై ఆగినచోట తానును ఆగి, జనము నవ్వినచోట అదే మీటును మరల మీటి, ఏడ్చినచోట పిడిని మెల్లగ వదలు చేయి ఆ పెట్టెలో లేదు. ఆ చేతికి కూడు దొరకనిచో, తరువాతి తరమున రికార్డు చేయుటకైనను ఎవరు మిగులుదురు?

చిత్రసీమ జానపద వాద్యకారులను బొత్తిగ పిలువలేదనుట సరికాదు. 2022లో విడుదలైన 'భీమ్లా నాయక్' చిత్రపు పాటలో దర్శనం మొగులయ్యగారు కిన్నెరతో పాడిరి. కిన్నెర ఒంటితీగ వాద్యము కాదు. సొరకాయ బుర్రలు, మెట్లు కలది. వారిది పన్నెండు మెట్ల కిన్నెర. ఆ సంవత్సరమే ప్రభుత్వము వారికి పద్మశ్రీ పురస్కారము నిచ్చెను. రెండేండ్లు గడచిన పిదప, 2024లో, వారు కూలిపని చేయుచున్నారన్న వార్త పత్రికలలో వచ్చెను. పాటయు బిరుదమును మంచివే. నెల నెల వచ్చు జీతము వానికంటె మంచిది. జిల్లాకు కొన్ని పాఠశాలలలోనైన జమిడిక, కిన్నెర వాయించువారిని జీతమిచ్చి వారమున కొకనాడు గురువులుగ కూర్చుండబెట్టుట ప్రభుత్వమునకు మోయలేని బరువు కాదు. చిత్రపు పేర్ల పట్టికలో గాయకుని ప్రక్కన వాద్యకారుని పేరు వేయుటకు అసలు ఖర్చే లేదు.

ఇందులకు ఒక ఆక్షేపణ రావచ్చును. అది కొట్టివేయదగినది కాదు. జమిడిక ఎల్లమ్మ వాద్యము, దానిని బడిలో ఆటవస్తువు చేయుట తగునా యని బైండ్లవారే అడుగవచ్చును. ఏది బడిలో చెప్పవచ్చునో, ఏది గుడివద్దనే ఉండవలెనో నిర్ణయించు హక్కు వారిదే. బాలురు తమ చేతులతో చేసికొను డబ్బావాద్యమును జమిడిక యని పిలువకుండుట మర్యాద. అయినను డబ్బాతో ప్రయత్నించుటలో దోషము లేదు. చర్మమును ముట్టిన చేయి తక్కువదని, తీగను ముట్టిన చేయి ఎక్కువదని పెద్దలు కొందరు నేర్పిన మాట, తాను స్వయముగ ఒక వాద్యము కట్టిన బాలుని చెవికి అంత సులభముగ ఎక్కదు.

కట్టుటకు కావలసినది పాలపొడి డబ్బా ఒకటి, చొక్కా బొత్తాము, చేపలు పట్టు నైలాను దారము మూరెడు, పిడికి కొయ్యముక్క. డబ్బా అడుగున నడుమ మేకుతో రంధ్రము చేయవలెను. దారమును బొత్తామునకు కట్టి, బొత్తాము అడుగు వెలుపల ఆనునట్లు దారమును లోనికి దూర్చి, మూతివైపునుండి తీసి పిడికి చుట్టవలెను. బొత్తాము లేనిచో రేకు అంచు దారమును కోసివేయును. డబ్బా మూతి అంచు పదునుగ నున్నచో ముందే గుడ్డ చుట్టవలెను. ఈ మాట మరచినవాడు వ్రేలికి కట్టు కట్టుకొని బడికి పోవలసివచ్చును. రేకు ధ్వని చర్మపు ధ్వనివలె మెత్తగ నుండదు, కొంచెము కరకుగ నుండును. అడుగు రేకును తీసివేసి పెద్ద బుడగ రబ్బరును బిగించినచో కొంత నయము. కాని అది త్వరగ చినుగును.

డబ్బాను చంకలో పెట్టి మీటగానే ఏదో పలుకును; అది అందరికిని పలుకును. సరిగమలలో మొదటి మూడు స్వరములను వరుసగ, జారకుండ, ఒక్కొక్కదానిని రెండు లెక్కలు నిలిపి పలికించుటకు ఒక సాయంకాలము చాలకపోవచ్చును. ఎడమచేయి నొప్పిపుట్టును. ఆ నొప్పి తగ్గకముందే, వచ్చు ఆషాఢమున, ఎల్లమ్మ గుడివద్ద కొంతసేపు నిలువవలెను. అందరును చూచునది తీగను మీటు కుడిచేతిని. చూడవలసినది పిడిని పట్టిన ఎడమచేతిని.