పాత ట్రాక్టరు – మాటిమాటికి పోవు క్లచ్

కాజీపేట చుట్టుపట్ల గ్రామములలో పాత ట్రాక్టరు కొని, దానికి గడ్డిని, పత్తికట్టెను నరికి ముక్కలు చేయు యంత్రము తగిలించి, స్వంత చేను ముగిసిన పిమ్మట కిరాయికి తిప్పుకొను రైతులు కలరు. పత్తి ఏరుట అయిన తరువాత కట్టెను చేనులో నిలిపి ఉంచినచో గులాబీ రంగు పురుగు మరుసటి పంటకు కాచుకొని యుండును. కావున ఈ యంత్రమునకు పని దొరుకునది కొలది వారములే. ఆ వారములలోనే క్లచ్ పోయినచో కిరాయి పోవును. బాకీ వాయిదా మాత్రము ఆగదు. ప్లేటు మార్చినారు, నెల తిరుగక ముందే పోయినది, మరల మార్చినారు. నాసిరకపు ప్లేటు ఒక కారణము కావచ్చును. కాని మంచి ప్లేటు వేసినను పోవుచున్నచో, దానిని తినివేయుచున్న దోషము మరియొకచోట కలదని, దానిని వెదకక మూడవ ప్లేటు కొనుట డబ్బు బూడిదలో పోయుటయేనని మా అభిప్రాయము.

ముందుగా "క్లచ్ పోయింది" అను మాటకు అర్థము తేల్చుకొనవలెను. ఇంజను మ్రోత పెరిగినను బండి సాగకున్నచో క్లచ్ జారుచున్నది. పెడలు పూర్తిగా తొక్కినను గేరు గరగరమని పడకున్నచో క్లచ్ విడుట లేదు. ఇవి వేరువేరు జబ్బులు. రెండవది పెడలు ఆట ఎక్కువైనందున గాని, ప్లేటు వంగినందున గాని, షాఫ్టు పళ్లకు తుప్పు పట్టి ప్లేటు కదలనందున గాని రావచ్చును. ఆటను సరిచేసినచో పోవు జబ్బునకు బండిని రెండుగా విప్పించుకొన్న వారు లేకపోలేదు.

పెడలును చేతితో నొక్కినప్పుడు బరువు తగులు వరకు కొంత ఆట ఉండవలెను. చాల ట్రాక్టర్లకు అది సుమారు 20 నుండి 30 మిల్లీమీటర్లు. సరియైన కొలత ఆ బండి పుస్తకములో ఉండును. ప్లేటు అరిగిన కొలది ఈ ఆట తగ్గును. సున్నకు దిగినచో డ్రైవరు కాలు పెట్టకున్నను పెడలు కొంత తొక్కినట్లే. ఇక పెడలు మీద కాలు ఆనించి కూర్చుండు డ్రైవరు కూడ దొరికినచో ఆ ప్లేటు ఎన్నాళ్లు ఉండును?

అన్నిటికంటె ఎక్కువ చూడవలసినది వెనుక తగిలించిన యంత్రమును. ఒకే క్లచ్ గల బండిలో పెడలు తొక్కినచో చక్రములును యంత్రమును రెండును ఇంజను నుండి విడిపోవును. దట్టమైన కట్టె అడ్డుపడినప్పుడు బండి నెమ్మదించవలెను, బ్లేళ్లు మాత్రము తిరుగుచుండవలెనని డ్రైవరు సగము పెడలు తొక్కును. అప్పుడు ప్లేటు జారి మాడును. తక్కువ గేరులో నడిపినచో ఈ అవసరమే రాదు. రెండు క్లచ్‌ల బండిలో సగము తొక్కినచో చక్రములు ఆగి బ్లేళ్లు తిరుగుచుండును. కాని అందులోను, ఇంజనును గట్టిగా మ్రోగించుచు ఒక్కసారిగా యంత్రమును కలుపు వాడుక చెడ్డది. వేగము తగ్గించి కలిపి, బ్లేళ్లు తిరుగసాగిన తరువాతనే పి.టి.ఓ.ను నిమిషమునకు 540 చుట్ల వేగమునకు తేవలెను. పెడలు తొక్కగానే బ్లేళ్లు ఆగవు. అవి పూర్తిగా నిలుచు వరకు ఎవరును దగ్గరకు పోరాదు.

మరియొక సంగతి. అనేక కోత యంత్రముల షాఫ్టునకు ఒక మెత్తని బోల్టు ఉండును. రాయియో మోడో తగిలినప్పుడు అది తెగి తక్కినదంతయు కాపాడును. మాటిమాటికి తెగుచున్నదని విసిగి దాని స్థానమున గట్టి బోల్టు బిగించినవారు, ఆ దెబ్బను ట్రాక్టరు క్లచ్‌కే పంపుచున్నారు. చవక బోల్టును కాపాడి ఖరీదైన క్లచ్‌ను బలి యిచ్చుట ఏమి లెక్క?

విప్పిన పాత ప్లేటును మెకానికు దగ్గర వదలిరాక, ఎదుట పెట్టించుకొని చూడవలెను. నూనెతో తడిసి యున్నచో ఇంజను వెనుక సీలుగాని, గేరుపెట్టె ముందు సీలుగాని కారుచున్నది. ఫ్లైవీలుపై నీలి మచ్చలు, సన్నని పగుళ్లు ఉన్నచో వేడికి మాడినది. దానిని సానబట్టించక క్రొత్త ప్లేటు వేయరాదు. ప్లేటు నడుమనున్న స్ప్రింగులు విరిగినచో దెబ్బ తగిలినది. బురద, తుప్పు ఉన్నచో దమ్ములో దిగినప్పుడు నీరు చొచ్చినది. ప్రెషరు ప్లేటు వ్రేళ్లు సమానమైన ఎత్తులో ఉన్నవో లేవో కొలిపించి చూడవలెను. వీనిలో ఏది చూడకున్నను కూలి రెండవమారు ఇచ్చుకొనవలసివచ్చును.

కాజీపేట రైలు ఇంజన్ల షెడ్లు గల ఊరు. రైల్వేలో ఇంజనుకు చేసిన మరమ్మతు వ్రాసి ఉంచుదురు. మన పాత ట్రాక్టరుకు అట్టి చరిత్ర ఉండదు; గంటల మీటరు కూడ తరచు పనిచేయదు. కొన్ననాటి నుండి ఏ తేదీన ఏమి మార్చినది, ఎన్ని గంటలు నడచినది ఒక నోటు పుస్తకములో వ్రాసిననే మెకానికుతో మాట్లాడుటకు ఆధారము దొరకును.

హనుమకొండ జిల్లా రైతు వేదికలలో విత్తనములు, ఎరువుల గురించి సమావేశములు జరుగును. పత్తి ఏరుట ముగియుటకు ముందే ఒకనాడు విప్పిన క్లచ్ ఒకటి బల్లపై పెట్టి, మంచి మెకానికు చేత చూపించుట వ్యవసాయ విస్తరణాధికారులకు కష్టమైన పని కాదు. బండి యజమానులతోపాటు డ్రైవర్లను కూడ పిలువవలెను. పెడలు మీద కాలు వారిదే గదా.