పొగ లేదు సరే, నికోటిన్ మాటేమిటి?

"పొగ రాదు కదా, షుగర్ వాళ్లకు ఏమీ కాదు." ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ వేప్ (ఈ-సిగరెట్) సంగతి వచ్చినప్పుడు ఈ మాట ధీమాగానే చెబుతున్నారు. బెంగళూరులో కొలువు చేసే కొడుకు పండక్కి వస్తూ ఒకటి జేబులో వేసుకొస్తాడు. ఏళ్ల తరబడి బీడీ వదలని తండ్రి చేతిలో పెట్టి, "నాయినా, అది పారెయ్. ఇది ఉత్త ఆవిరే" అంటాడు. కొడుకుది ప్రేమే. వాదన మాత్రం తప్పు.

ఈ ధీమా వెనక ఒక అంకె ఉంది. 2015లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థ, సిగరెట్ కంటే వేపింగ్ సుమారు 95 శాతం తక్కువ హానికరమని చెప్పింది. అది కొందరు నిపుణులు కట్టిన అంచనా. పైగా సిగరెట్‌తో పోల్చి చెప్పిన మాటే తప్ప, ఏమీ తాగని మనిషితో పోల్చింది కాదు. షుగర్ రోగుల కోసం వేరుగా వేసిన లెక్క అంతకన్నా కాదు. పొగాకు కాలదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ బాగా తగ్గుతాయి, నిజమే. అయితే షుగర్ రోగికి తారు ఒక్కటే శత్రువా?

నికోటిన్ ఒంట్లోకి దిగగానే అడ్రినలిన్‌ను ఎగదోస్తుంది. కాలేయం తన దగ్గరున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది, కండరాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి. 2001లో స్వీడన్ పరిశోధకులు పొగాకు ఊసు లేకుండా నికోటిన్ ఒక్కదాన్నే నరంలోకి ఎక్కించి చూశారు. ఆరోగ్యవంతుల్లో ఇన్సులిన్ పనితనం అంతగా మారలేదు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో మాత్రం దెబ్బతింది. "నా స్నేహితుడు రోజంతా ఊదుతాడు, వాడికేం కాలేదు" అనేవాళ్లు ఈ ఫలితం దగ్గర కాసేపు ఆగాలి. స్నేహితుడికి కానిది నాయినకు కావచ్చు. అదే దేశంలో పై పెదవి కింద పెట్టుకునే స్నూస్ అనే పొగాకు ఉంది. దానికీ పొగ లేదు. అయినా దాన్ని బాగా ఎక్కువగా వాడేవాళ్లలో టైప్ 2 షుగర్ ఎక్కువగా కనిపించింది. బీడీ మానేసి ఖైనీకి మారి హమ్మయ్య అనుకునే మన ఊళ్లవాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది.

విచిత్రమేమిటంటే, భయపడేవాళ్లు కూడా తప్పుడు చోట భయపడతారు. మామిడిపండు రుచి తియ్యగా ఉంది, దాంతో షుగర్ పెరుగుతుందేమో అని! ఆ తీపి వాసనతో షుగర్ పెరగదు.

అసలు గండం కాళ్లది. ఎమ్మిగనూరు మాచాని సోమప్ప 1938లో చేనేత సంఘం పెట్టిన ఊరు. గుంత మగ్గం మీద కూర్చున్నవాడికి కాలు ఆడితేనే నేత. ఆదోని యార్డులో పత్తి బోరెలు మోసే హమాలీకీ కాలే ఆధారం. షుగర్ ముదిరి స్పర్శ పోయిన పాదంలో ముల్లు దిగితే నొప్పి తెలియదు, చెప్పులో తడి తగిలాకే తెలుస్తుంది. ఆ పుండు మానాలంటే అక్కడికి రక్తం పారాలి. నాళాలను బిగించే మందును పూటపూటా పీలుస్తూ పుండు మానలేదని కట్టు మార్పిస్తే ఏం లాభం?

"మరి డాక్టర్లు ఇచ్చే నికోటిన్ గమ్ నికోటిన్ కాదా?" అని అడుగుతారు. గట్టి ప్రశ్నే. గమ్ కూడా నికోటినే. కానీ దాని మోతాదు ఎంతో అట్ట మీద ఉంటుంది, కొన్ని వారాల్లో తగ్గించి ఆపేయడానికే ఇస్తారు. వేప్‌తోనూ సిగరెట్ మానినవాళ్లున్నారు, పరీక్షల్లో అది గమ్ కంటే బాగా పనిచేసిన మాటా నిజం. అయితే ఆ పరీక్షల్లో ఎవరికి ఎంత నికోటిన్ ఇస్తున్నారో లెక్క ఉంది. బ్రిటన్‌లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్న నియమం ఉంది. మన దేశంలో 2019 చట్టం వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధించింది. చాటుగా వచ్చిన సరుకులో ఏముందో, ఎంతుందో తేల్చేవాడు లేడు.

బీడీ మానితే షుగర్ పెరిగిందని కొందరు మళ్లీ ముట్టిస్తారు. మానిన కొత్తలో ఆకలి, బరువు పెరిగి షుగర్ కాస్త ఎక్కడం మామూలే. దానికి మందు సవరించుకోవాలి గాని వేప్ అందుకోకూడదు. మానడానికి సాయం కావాలంటే 1800-112-356కి ఫోన్ చేస్తే చాలు, డబ్బు పడదు.

ప్రభుత్వం చేయాల్సిందీ ఒకటుంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే షుగర్, బీపీ ఫారంలో పొగ తాగుతారా, గుట్కా, ఖైనీ వాడతారా అని అడుగుతారు. వేప్ పేరు అందులో లేదు. "ఉత్త ఆవిరే" అని నమ్మిన తండ్రి ఆ ప్రశ్నకు లేదనే చెబుతాడు, అదీ అబద్ధమాడుతున్నానన్న అనుమానం కూడా లేకుండా. ఆ ఫారంలో ఇంకొక్క మాట చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.