ఆడకుక్కపిల్ల చేసిన పాపమేమిటి?

మా చందూర్‌లో మగకుక్కపిల్లకు ఎప్పుడూ ఇల్లు దొరుకుతుంది. "ఒకటి మాకియ్యి వదినా, చేనుకాడ కావలుంటది" అని అడిగి మరీ తీసుకుపోతారు. ఎత్తుకోగానే ముందు చూసేది ఆడదా మగదా అనే. ఆడదైతే కింద దింపేస్తారు. మిగిలిన ఆడపిల్లలు సంచిలో కాలువ గట్టుకో, చెరుకు తోట పక్కకో చేరతాయి.

ఎవరినో నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఆ సంచి మూతి నేనూ కట్టాను. మా రాణి మొదటిసారి ఐదు పిల్లలను పెట్టింది. రెండు మగపిల్లలను అడిగి తీసుకుపోయారు. మూడు ఆడపిల్లలు మిగిలాయి. పాలు మానేదాకా ఉంచుకుని, ఒకరోజు తెల్లవారుజామున సంచిలో పెట్టి మా ఆయన చేతికిచ్చాను. ఎక్కడ వదిలారని అడగలేదు. రాణి రెండు రోజులు గడ్డివాము చుట్టూ వెతుక్కుంటూ తిరిగింది. బువ్వ పెడితే ముట్టలేదు.

తర్వాత మనమే "వీధికుక్కలు పెరిగిపోయాయి, పంచాయతీ ఏం చేస్తున్నది" అని తిడతాం. అవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనం వదిలిన సంచుల్లోంచి బతికి బయటపడ్డవీ వాటిలో ఉన్నాయి. ఆడకుక్క ఏడాది నిండకముందే ఎదకు రావచ్చు. ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, రెండు నెలలు మోస్తుంది, ఈతకు నాలుగైదు పిల్లలు. లెక్క మీరే వేసుకోండి.

భయం అబద్ధమని నేననను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడిని కుక్కలు చంపేశాయి. మన జిల్లా నుంచే బతుకుదెరువుకు పోయిన కుటుంబం. ఆ వార్త చూసిన రోజు నేనూ పిల్లల్ని గడప దాటనివ్వలేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యమనీ తెలుసు.

కానీ ఆ భయానికి మనం వెతుకుతున్న మందు ఏమిటి? 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట కుక్కలను తుపాకులతో కాల్చి చంపారు. 2026 జనవరిలో మన పక్క కామారెడ్డి జిల్లా పల్లెల్లో కుక్కలను చంపించారని కేసులు పడ్డాయి. పాపపుణ్యాలు పక్కన పెట్టండి, దానివల్ల ఫలితమైనా ఉందా? చికెన్ దుకాణం వెనక చెత్త అలాగే ఉంటే, ఫంక్షన్ హాలు బయట ఎంగిలి విస్తళ్లు అలాగే ఉంటే, పక్క ఊరి కుక్కలు ఆ తిండికి వస్తాయి. మిగిలిన ఒక్క ఆడకుక్క మళ్లీ ఈనుతుంది.

చట్టం చెప్పే దారి వేరే. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకా స్థానిక సంస్థల బాధ్యత. పెంపుడు కుక్కలకైతే యజమానిదే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంది. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దంది. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లలో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దని నవంబరులో చెప్పింది. వాటికైనా ఆపరేషన్ తప్పదు.

సరే, యజమాని బాధ్యత అన్నారు కదా అని నేను బయలుదేరాను. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర విచారిస్తే చెప్పిన ఖర్చు మా ఇంటి నెల సరుకుల బిల్లంత ఉంది. కుక్కను బస్సులో ఎక్కించుకోరు, పోనురాను ఆటో కిరాయి వేరే. కూలికి పోయే ఆమె ఇది ఎక్కడినుంచి తేవాలి? సంచి మాత్రం ఊరికే దొరుకుతుంది. అందుకే సంచి గెలుస్తున్నది.

మన కడుపుల విషయంలో సర్కారుకు ఇంత ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. ఊరూరా క్యాంపులు పెట్టారు, ఉచితమన్నారు, పైసలు కూడా ఇచ్చారు. మగవాళ్లది చిన్న ఆపరేషనైనా ఆడవాళ్లనే వరుసలో నిలబెట్టారు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. అందుకే నేను అడిగేది చవక ఆపరేషన్, హడావిడి ఆపరేషన్ కాదు. శుభ్రమైన గది, సరైన మత్తుమందు, నేర్చిన చేయి, కుట్లు మానేదాకా ఉంచే చోటు కావాలి.

మండల పశువుల దవాఖానలో నెలకొక రోజు పెంపుడు కుక్కల ఆపరేషన్లకు కేటాయించండి. మందుల ఖర్చులో కొంత మేమిస్తాం, మిగతాది సర్కారు భరించాలి. వీధికుక్కలకు గుర్తింపు పొందిన కేంద్రం ఉండాలి. ప్రతి ఊరికీ సాధ్యం కాదు కాబట్టి బోధన్, వర్ని, రుద్రూర్, చందూర్ కలిపి ఒకటి పెట్టండి. ముందు ఆడకుక్కలకే చేయండి. పది మగకుక్కలకు చేసి ఒక్కటి వదిలినా, ఆ ఒక్కటి వీధిలోని ఆడకుక్కలన్నిటికీ చాలు. ఏ గల్లీలో ఏ కుక్క కడుపుతో ఉందో మహిళా సంఘాల ఆడవాళ్లకు తెలిసినంత ఏ అధికారికి తెలుసు? జాబితా మేం రాసిస్తాం.

"మనుషులకే పైసల్లేవు, కుక్కలకా?" అంటారు. కుక్క కరిస్తే సూదికి మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు దవాఖానకు పోవాలి. సూది ఉచితమే, పోయిన కూలి ఎవరిస్తారు? ఇది మనుషుల ఖర్చే. "ఒక్క ఈతైనా కానివ్వాలి, పాపం" అని మా అత్తమ్మ అన్నారు. ఈనడం వల్ల కుక్క ఆరోగ్యానికి కొత్తగా వచ్చే మేలు లేదు. ఆపరేషన్ చేయిస్తే గర్భసంచిలో చీముపట్టే జబ్బు భయం తప్పుతుంది. పాపం అనుకుంటే ఈనిన తర్వాత ఆ పిల్లలను ఏం చేస్తున్నామో అది పాపం.

రాణికి నేను చీటీ పైసల్లోంచి తీసి ఆపరేషన్ చేయించాను. అందరికీ చీటీ ఉండదు. వచ్చే గ్రామసభకు మీరూ రండి అక్కా. రోడ్డు, డ్రైనేజీ గురించి అడిగినట్టే దీన్నీ అడుగుదాం, తీర్మానంలో రాయిద్దాం. అప్పటిదాకా మీ ఇంటి ఆడకుక్క ఎదకు వస్తే లోపల కట్టేసి ఉంచండి. సంచి మాత్రం తీయకండి.